ముందు జీతాల డబ్బు డిపాజిట్ చెయ్యండి, తర్వాత క్లబ్బు కొనండి

2025 ఫిబ్రవరి 15, సెయింట్ హెలెన్స్ 82, సాల్ఫర్డ్ రెడ్ డెవిల్స్ 0. ఇంగ్లండ్ రగ్బీ లీగ్‌లో పై డివిజన్ అయిన సూపర్ లీగ్‌లో ఆ సీజన్‌కి సాల్ఫర్డ్ మొదటి మ్యాచ్ ఇదే. ఆట మొత్తం 80 నిమిషాలు, అంటే నిమిషానికి ఒక పాయింటు కన్నా ఎక్కువే ఇచ్చుకున్నారు, 1996లో సూపర్ లీగ్ మొదలైన దగ్గర్నుంచి ఇంత తేడాతో ఇంకెవరూ ఓడిపోలేదు. అదీ ముందు సీజన్‌లో నాలుగో స్థానంలో నిలిచిన క్లబ్బు, వారం ముందే కొత్త ఓనర్లు వచ్చారని, ఇంక కష్టాలు తీరాయని ఊరంతా సంబరపడిన క్లబ్బు.

ఆ రోజు గ్రౌండ్‌లోకి దిగింది అసలు టీమ్ కాదు. సీనియర్లని పక్కన పెట్టి ఎక్కువగా రిజర్వ్స్, అకాడమీ కుర్రాళ్ళనే దింపారు. ఎందుకంటే కొత్త ఓనర్లు వస్తున్నారన్న నమ్మకంతో లీగ్ వాళ్ళు జీతాల మీద పెట్టిన ఆంక్షల్ని సడలించారు, తీరా మ్యాచ్ దగ్గర పడేసరికి చెప్పిన డబ్బు రాలేదు, ఆంక్షలు మళ్ళీ పెట్టారు. మామూలుగా సూపర్ లీగ్ క్లబ్బులకి శాలరీ క్యాప్, అంటే జీతాల మీద పెట్టే గరిష్ఠ పరిమితి, 21 లక్షల పౌండ్లు, సాల్ఫర్డ్‌ని మాత్రం 12 లక్షల్లో సర్దుకోమన్నారు. ఆ కుర్రాళ్ళలో కొందరికి అదే మొదటి పెద్ద మ్యాచ్. రగ్బీ లీగ్ అంటే హెల్మెట్ ఉండదు, వంద కేజీల మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి గుద్దుతాడు, లేచి మళ్ళీ లైన్‌లో నిలబడాలి, అదే 80 నిమిషాలు. అలాంటి ఆటలో పెద్దవాళ్ళ లెక్కల గొడవకి ఆ పిల్లల ఒళ్ళు అడ్డం పెట్టారు, నాకు కోపం అక్కడ మొదలైంది, ఇప్పటికీ తగ్గలేదు.

నేను గ్రేటర్ మాంచెస్టర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిని. ఇక్కడికొచ్చిన మనవాళ్ళందరికీ మాంచెస్టర్ యునైటెడ్, సిటీ తెలుసు, పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో 1873 నుంచి ఒక రగ్బీ క్లబ్బు ఉందని చాలామందికి తెలీదు. అసలు రెడ్ డెవిల్స్ అన్న పేరు వీళ్ళదే, 1934లో ఫ్రాన్స్ టూర్‌కి వెళ్తే అక్కడి పత్రికలవాళ్ళు ఎర్ర దయ్యాలు అని పిలిచారు, ఫుట్‌బాల్ వాళ్ళకి ఆ పేరు తర్వాత వచ్చింది. మా ఆఫీసులో తాతల కాలం నుంచీ సాల్ఫర్డ్ అభిమానులైన ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన వెంట వెళ్ళి చూడటం మొదలుపెట్టాను. టీమ్‌కి 13 మంది, బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్, ఆరోదాంతో బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలి, గీత దాటించి బంతి నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాడికి ఈ ఆట ఎక్కడం ఎంతోసేపు పట్టదు.

రగ్బీ రెండుగా చీలిపోయిందే జీతాల దగ్గర. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కొన్ని కూర్చుని విడిపోయాయి. కారణం ఏంటంటే, గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళు శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోతుంది, పోయిన ఆ కూలి డబ్బులైనా క్లబ్బులు ఇస్తామన్నాయి, లండన్ పెద్దమనుషులు కుదరదన్నారు. అంతే, రగ్బీ లీగ్ పుట్టింది. సాల్ఫర్డ్ మరుసటి ఏడే, 1896లో, ఈ వైపుకి వచ్చేసింది. ఆడినవాడికి డబ్బు ఇవ్వాలి అన్న ఒక్క మాట మీద పుట్టిన ఆట ఇది. అలాంటి ఆటలో 130 ఏళ్ళ తర్వాత ఒక క్లబ్బు నెల తర్వాత నెల జీతాలు ఆలస్యం చేస్తూ పోతుంటే, లీగ్ చూస్తూ ఉంటే, దాన్ని ఒక క్లబ్బు దురదృష్టం అని ఎలా సరిపెట్టుకుంటాం?

న్యాయంగా ఒకటి చెప్పాలి, కొత్త ఓనర్లు వచ్చేటప్పటికే క్లబ్బు ఆరోగ్యం బాగోలేదు. 2024 నవంబర్లోనే సాల్ఫర్డ్ వాళ్ళు తర్వాతి ఏడాది లీగ్ నుంచి రావాల్సిన డబ్బులో 5 లక్షల పౌండ్లు అడ్వాన్స్‌గా అడిగి తీసుకున్నారు. రావాల్సిన డబ్బు ముందే తినేశారంటేనే అర్థం చేసుకోవచ్చు. దానికి ముందు కథ కూడా పెద్దదే, 2013లో మార్వాన్ కుకాష్ అనే గుర్రప్పందేల ఓనర్ కొని చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టి కొన్నేళ్ళకి తప్పుకున్నాడు, ఆ తర్వాత పెద్ద డబ్బున్నవాళ్ళెవరూ లేకుండానే క్లబ్బు 2019లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సూపర్ లీగ్ విజేతని తేల్చే గ్రాండ్ ఫైనల్ ఆడింది, 2020లో కోవిడ్ వల్ల జనమే లేని వెంబ్లీలో, నాకౌట్ టోర్నీ అయిన ఛాలెంజ్ కప్ ఫైనల్‌ని లీడ్స్ చేతిలో 17-16తో ఒక్క పాయింటుతో పోగొట్టుకుంది. ఆట మీద ఏ లోటూ లేదు, లోటంతా బ్యాంకు ఖాతాలోనే.

అందుకే 2025 ఫిబ్రవరిలో కన్సార్టియం (కలిసి కొనే పెట్టుబడిదారుల గుంపు) అనే మాట వినిపించగానే, వెనక పెద్ద డబ్బు ఉందని వార్తలు రాగానే, అభిమానులు ఎంత ఆశపడ్డారో నేను చూశాను, వాళ్ళని నేను తప్పుపట్టను. మునిగిపోతున్నవాడు తాడు దొరికితే అది ఎవరు విసిరారని అడగడు. అడగాల్సింది లీగ్. టేకోవర్‌కి ఊ కొట్టేముందు ఆ సీజన్ మొత్తం జీతాలకి సరిపడా డబ్బు తెచ్చి మా ఖాతాలో పెట్టండి, ఆ తర్వాతే క్లబ్బు మీది అనాలి. నేను ఈ వ్యాసం రాస్తోంది ఈ ఒక్క మాట కోసమే. ఎంత ఆస్తి ఉంది, ఏ దేశంవాళ్ళు, ఎన్ని పెద్ద పెద్ద ప్లాన్లు ఉన్నాయి, ఇవన్నీ తర్వాత. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకి కావాలన్నా రెండు నెలల అడ్వాన్స్ చేతిలో పెట్టందే తాళం ఇవ్వరు, 150 ఏళ్ళ క్లబ్బు తాళాలు మాత్రం డబ్బు దారిలో ఉంది అన్న మాట మీద ఇచ్చేశారు.

ఆ తర్వాత సీజన్ ఎలా నడిచిందంటే, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కెప్టెన్ కాలమ్ వాట్కిన్స్ తన పాత క్లబ్బు లీడ్స్‌కి వెళ్ళిపోయాడు. మార్క్ స్నీడ్, సాల్ఫర్డ్ కుర్రాడు, టీమ్ ఆటంతా నడిపించే హాఫ్‌బ్యాక్, వారింగ్టన్‌కి వెళ్ళిపోయాడు. వెళ్ళి ఏం చేశాడు? జూన్‌లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్ ఆడాడు, వారింగ్టన్ 8-6తో హల్ కేఆర్ చేతిలో ఓడిపోయింది కానీ మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ ఓడిన జట్టులో ఉన్న స్నీడ్‌కే వచ్చింది, ఆయనకి అది మూడోసారి. లాన్స్ టాడ్ ఎవరు? 1928 నుంచి 1940 దాకా సాల్ఫర్డ్‌ని నడిపించిన మేనేజర్, 1938లో సాల్ఫర్డ్ తన చరిత్రలో గెలిచిన ఒకే ఒక్క ఛాలెంజ్ కప్‌ని తెచ్చిపెట్టినాయన. ఆయన పేరు మీదున్న ట్రోఫీని ఆ వసంతంలోనే సాల్ఫర్డ్ వదులుకోవాల్సి వచ్చిన మనిషి వేరే జెర్సీలో ఎత్తుకున్నాడు. మా పెద్దాయన ఆ రోజు ఫోన్ ఎత్తలేదు, సోమవారం ఆఫీసులో కూడా దాని గురించి మాట్లాడనివ్వలేదు.

పెద్ద ప్లేయర్లకి ఇంకో క్లబ్బు దొరుకుతుంది, బానే ఉంది. దొరకనివాళ్ళ సంగతేంటి? జట్టులో పసిఫిక్ దీవుల నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళ వీసా క్లబ్బు స్పాన్సర్‌షిప్ మీద నడుస్తుంది. ఇది చదివే తెలుగువాళ్ళలో సగం మందికి నేను వివరించనక్కర్లేదు, ఇక్కడ బ్రిటన్‌లో స్పాన్సర్ చేసిన కంపెనీ పోతే మామూలుగా మన చేతిలో మిగిలేది 60 రోజులు, ఈలోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, ఇంటి అద్దె కట్టాలి, పిల్లల స్కూలు చూసుకోవాలి. జీతం ఆలస్యమైందని పని మానేస్తే కాంట్రాక్ట్ గొడవ, మానకపోతే జేబు ఖాళీ. ఇంతకీ ఈ సాల్ఫర్డ్ ప్లేయర్లు ఆ పరిస్థితిలో వారం వారం వెళ్ళి దెబ్బలు తిని వచ్చారు. వాళ్ళ జీతాలు మరీ కోట్లేమీ కావండి, ఫుట్‌బాల్ డబ్బుని తలుచుకుని ఇక్కడ కొలవద్దు. కెరీర్ పదేళ్ళు నడిస్తే గొప్ప, మోకాలు పోతే ఆ రోజుతో సరి.

వేసవికల్లా జట్టంటే వేరే క్లబ్బుల నుంచి లోన్ మీద తెచ్చుకున్నవాళ్ళు, కుర్రాళ్ళు, మిగిలిన కొద్దిమంది పాతవాళ్ళు. వారం వారం మనుషులు మారిపోతుంటే కలిసి ప్రాక్టీస్ ఎక్కడ, ఒకడి కదలిక ఇంకొకడికి తెలిసేదెక్కడ. ఆగస్టు 10న వేక్‌ఫీల్డ్‌తో ఆడాల్సిన మ్యాచ్‌కి జట్టునే దింపలేకపోయారు, ఉన్నవాళ్ళతో ఆడిస్తే ప్లేయర్ల క్షేమానికే ప్రమాదమని చెప్పి మ్యాచ్ వదులుకున్నారు, వేక్‌ఫీల్డ్ 48-0తో గెలిచినట్టు రాసుకున్నారు. వేక్‌ఫీల్డ్ వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ హోమ్ మ్యాచ్ ఒకటి పోయింది, ఆ రోజు వచ్చే గేటు డబ్బు పోయింది, కేటరింగ్‌వాడు, గేటు దగ్గర పనిచేసే స్టూడెంట్ కుర్రాడు అందరికీ ఆ పూట పోయింది. ఒక క్లబ్బు ఓనర్‌షిప్ గొడవ ఆ క్లబ్బు గోడల లోపలే ఉంటుందనుకునేవాళ్ళకి ఆ ఒక్క ఆదివారం చూపిస్తే చాలు.

సీజన్ అట్టడుగున ముగిసింది. ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ వేసిన కేసు కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడింది, ప్రతి వాయిదాకీ డబ్బు వచ్చేస్తోంది, ఇంకో వారం, ఇంకో రెండు వారాలు అన్న మాటే వినిపించింది, అభిమానులు ప్రతిసారీ ఆశపడ్డారు. చివరికి 2025 డిసెంబర్ 3న క్లబ్బు నడిపే కంపెనీని మూసేయమని లండన్‌లో హైకోర్టు ఆర్డర్ వేసింది.

ఇప్పుడు నా వాదనకి వచ్చే జవాబులు నాకు తెలుసు, ఇక్కడి మిత్రులతో చాలాసార్లు వాదించాను కాబట్టి. మొదటిది, అలా డిపాజిట్ అడిగితే ఎవడూ కొనడు, క్లబ్బు ఫిబ్రవరిలోనే చచ్చిపోయేది. సరే, చచ్చిపోయేది అనే అనుకుందాం. బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ సంగతి చూడండి. 2017 జనవరిలో ఆ క్లబ్బు కంపెనీ మూతపడింది, కొత్త కంపెనీ పెట్టి, 12 పాయింట్ల కోతతో కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో మొదలుపెట్టారు, అక్కడ్నుంచీ ఇంకా కిందికి, లీగ్ వన్‌కి పడిపోయారు, మళ్ళీ మెట్టు మెట్టు ఎక్కారు, 2026లో సూపర్ లీగ్‌ని 14 జట్లకి పెంచినప్పుడు తిరిగి పైకొచ్చారు. సాల్ఫర్డ్ కూడా చివరికి చేరింది అక్కడికే, కొత్త కంపెనీ, ఛాంపియన్‌షిప్, మొదటి మెట్టు. తేడా ఏంటంటే ఫిబ్రవరిలో నిజం ఒప్పుకుని ఉంటే ఇంత మంది జీతాల కోసం ఎదురుచూసేవాళ్ళు కాదు, 82-0 అనేది ఆ పిల్లల పేర్ల పక్కన ఉండేది కాదు, సీజన్ టికెట్లు కొన్నవాళ్ళ డబ్బు మిగిలేది, అప్పు ఇంకా పెరిగేది కాదు. ఆ పది నెలలు క్లబ్బుని బతికించలేదు, చావుని ఖరీదైనదిగా చేశాయి, అంతే.

రెండో జవాబు, ఓనర్లంటే ఎక్కడైనా ఇంతే, లక్కు. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. 2016 అక్టోబర్ 1న మిలియన్ పౌండ్ గేమ్ అని ఒకటి జరిగింది, ఓడినవాళ్ళు సూపర్ లీగ్ నుంచి కిందికి పోతారు, గెలిచినవాళ్ళు ఉంటారు. సాల్ఫర్డ్ గోల్డెన్ పాయింట్‌లో, అంటే స్కోర్లు సమమయ్యాక ముందు పాయింటు కొట్టినవాళ్ళే గెలిచే అదనపు సమయంలో, గారెత్ ఓబ్రయన్ ఆట మధ్యలో బంతిని కాలితో పోస్టుల మధ్యకి పంపి కొట్టిన డ్రాప్ గోల్‌తో 19-18తో గెలిచింది. ఆ రోజు ఓడి కిందికి పోయిందెవరో తెలుసా, హల్ కేఆర్. ఆ హల్ కేఆర్ 2025లో ఛాలెంజ్ కప్పు, లీగ్ టేబుల్లో మొదటి స్థానం, గ్రాండ్ ఫైనల్ మూడూ గెలిచింది, అంతకుముందు పెద్ద ట్రోఫీ ముట్టుకుని 40 ఏళ్ళయింది. అక్కడ ఓనర్ నీల్ హడ్జెల్ అని హల్ ఊరి లాయరు, కిందికి పడిపోయినప్పుడు కూడా వదిలి పారిపోలేదు, ఏళ్ళ తరబడి ఒక్కో ఇటుక పేర్చుకుంటూ వచ్చాడు. డబ్బు అక్కడా పెట్టాలి, పెట్టారు, కానీ జీతం వస్తుందా రాదా అని ఆలోచిస్తూ ఏ ఆటగాడూ మైదానంలోకి దిగలేదు. తొమ్మిదేళ్ళలో రెండు క్లబ్బుల జాతకాలు ఇలా తారుమారయ్యాయంటే దాన్ని లక్కు అనకండి.

మన దగ్గరా ఇది జరిగింది కాబట్టే నాకు ఇంత బాధ. డెక్కన్ ఛార్జర్స్‌ని మర్చిపోయారా? 2008లో ఆఖరి స్థానం, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ కప్పు. మూడేళ్ళు తిరక్కుండానే నడిపే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, ప్లేయర్లకి ఇవ్వాల్సిన డబ్బుల గొడవ మొదలైంది, 2012లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. కోర్టుకి వెళ్తే బాంబే హైకోర్టు 100 కోట్ల బ్యాంక్ గ్యారంటీ చూపించమంది, చూపించలేకపోయారు. ఆ కేసు తర్వాత ఏళ్ళ తరబడి సాగింది, దాంట్లో ఎవరిది న్యాయం అన్నది వేరే సంగతి, దాని జోలికి నేను పోను. నాకు కావాల్సింది ఆ బ్యాంక్ గ్యారంటీ అన్న మాట ఒక్కటే. మాటలు ఎన్నైనా చెప్పండి, కాగితం మీద బ్యాంకు సంతకం చూపించండి. అక్కడ కూడా ఆ మాట చివర్లో వచ్చింది, నేను అడిగేది దాన్ని మొదట్లో పెట్టమని. సన్ టీవీ వాళ్ళు కొనుక్కుని సన్‌రైజర్స్ వచ్చింది, హైదరాబాద్‌కి జట్టు మిగిలింది, అది నిజమే, కానీ ఐపీఎల్‌లో అంత డబ్బుంది కాబట్టి మిగిలింది. సాల్ఫర్డ్ కోసం అలా క్యూలో నిలబడేవాళ్ళు లేరు.

డిపాజిట్ ఒక్కటే చాలదు, ఇంకోటి కూడా కావాలి, అది ఆస్ట్రేలియాలో సౌత్ సిడ్నీ వాళ్ళు చేసి చూపించారు. 1908 నాటి రగ్బీ లీగ్ క్లబ్బు, 1999 చివర్లో లీగ్ బయటికి నెట్టేస్తే వేలమంది సిడ్నీ వీధుల్లో ఊరేగింపు చేసి, కోర్టుకెక్కి, 2002లో తిరిగొచ్చారు. 2006 మార్చిలో నటుడు రస్సెల్ క్రో, వ్యాపారవేత్త పీటర్ హోమ్స్ అ కోర్ట్ కలిసి 30 లక్షల డాలర్లకి 75 శాతం కొంటామన్నారు. అది ఎవరో బోర్డు రూములో తేల్చలేదు, సభ్యులందరికీ ఓటు పెట్టారు, 75 శాతం ఒప్పుకుంటేనే జరుగుతుంది, వచ్చింది 75.8. చూడండి ఎంత సన్నని గీత మీద నడిచిందో. మిగతా 25 శాతం సభ్యుల దగ్గరే ఉంచారు. ఆ ఏడు జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది, అయినా మరుసటి ఏడు 1989 తర్వాత మొదటిసారి ఫైనల్స్ దశకి వెళ్ళింది, 2014లో 43 ఏళ్ళ తర్వాత ప్రీమియర్‌షిప్, అంటే అక్కడి లీగ్ టైటిల్, గెలిచింది. అందరూ రస్సెల్ క్రో పేరు చెప్తారు, సినిమా స్టార్ కదా. నేను ఆ ఓటు పేరు చెప్తాను. కొనేవాడు వచ్చి అభిమానుల ముందు నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్పాల్సొచ్చింది, డబ్బు ఎప్పుడు, ఎంత, ఎక్కడ్నుంచి అన్నీ చెప్పాకే క్లబ్బు చేతికొచ్చింది. సాల్ఫర్డ్ అభిమానులని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగనివ్వలేదు, వాళ్ళు టికెట్ కొనడానికి మాత్రం పనికొచ్చారు.

కొత్త కంపెనీలో పాత ప్లేయర్ మేసన్ కేటన్-బ్రౌన్ ఉన్నాడు, ఆ జెర్సీ వేసుకుని ఆడినవాడు, కాబట్టి నాకు కొంత నమ్మకం ఉంది. వాళ్ళు ఓడినా ఫర్వాలేదు, ఛాంపియన్‌షిప్‌లో మధ్యలో ఎక్కడున్నా మ్యాచ్‌లకి వెళ్తాను, టికెట్ కొంటాను, మా పెద్దాయన కూడా వస్తానన్నారు. కానీ రెండు పనులు ఇప్పుడే, అందరికీ గాయం పచ్చిగా ఉన్నప్పుడే జరగాలి. లీగ్ తన రూల్‌బుక్‌లో సీజన్ జీతాల డిపాజిట్ లేకుండా టేకోవర్ చెల్లదని రాయాలి, ఆ డబ్బు ఓనర్ చేతిలో కాకుండా లీగ్ చేతిలో ఉండాలి, నెల నెలా అక్కడ్నుంచే ప్లేయర్ల ఖాతాల్లో పడాలి. కొత్త క్లబ్బు తన కంపెనీ పత్రాల్లోనే అభిమానులకి పాతిక శాతం వాటా, ఇంకొకరికి అమ్మేముందు వాళ్ళ ఓటు ఉండాలని రాసుకోవాలి. బాగా నడుస్తున్నప్పుడు చూద్దాంలే అంటే ఆ రోజు ఓనర్ ఒప్పుకోడు, చేతులెత్తేసినప్పుడు చూద్దాం అంటే ఇదిగో, 2025 ఫిబ్రవరిలో లాగా అడిగే తీరికే ఎవరికీ ఉండదు.